కెన్యా తీరంలోని మిషన్‌కు వెళ్తున్న బిడ్డకు

బిడ్డా,

ప్రభువు నామంలో నీకు నా దీవెనలు. మీ సంఘం జట్టుతో కెన్యా వెళ్తున్నావని, కిలిఫి పట్నం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న జాలరి పల్లె మిషన్‌లో కొన్నాళ్ళు ఉంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నర్సింగ్ పూర్తి కాగానే ఇలాంటి అవకాశం వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ తీరంలో నేను కొంతకాలం ఉండి వచ్చాను కాబట్టి తెలిసినవి రాస్తున్నాను. మీ జట్టులో అందరికీ చదివి వినిపించు.

ముందు టీకా సంగతి చూసుకో. కెన్యా నుంచి వచ్చేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి. టీకా వేసుకున్నాక కనీసం పది రోజులు గడిస్తేనే ఆ కార్డు చెల్లుతుంది. అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో టీకా వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. మలేరియాకు మాత్రం మాత్రలే దిక్కు. డాక్టర్ డాక్సీసైక్లిన్ రాస్తే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఇంటికి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరాం కదా అని మధ్యలో ఆపొద్దు. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం మలేరియా, ప్రాణం మీదికి తెచ్చేది. వచ్చిన కొన్ని వారాలకు జ్వరం తగిలితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయినా, ప్రైవేటు డాక్టర్ దగ్గరికి పోయినా, కెన్యా వెళ్ళొచ్చానని మొదటి మాటగా చెప్పు.

2024 నుంచి అక్కడ వీసా బదులు ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి ఇస్తున్నారు. అది చూసి రావడానికే, పని చేయడానికి కాదు. నువ్వు నర్సువే అయినా ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి లేకుండా ఎవరికీ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. డిస్పెన్సరీలో ఏం చేయవచ్చో, దానికి ఏ పర్మిట్ కావాలో మిషన్ వాళ్ళను ముందే అడిగి, జవాబు కాగితం మీద తెప్పించుకో. అక్కడ చాలా చోట్ల రోగులను చూసేది క్లినికల్ ఆఫీసర్, అంటే రోగం చూసి మందు రాయడానికి శిక్షణ పొందిన ఉద్యోగి. డాక్టర్ కాదు కదా అని తక్కువగా చూడొద్దు. మలేరియాతో వచ్చిన పసిపిల్లను ఆయన చూసినన్ని సార్లు మన దగ్గర చాలామంది డాక్టర్లు చూసి ఉండరు. ఆయన పక్కన నిలబడి నేర్చుకో.

సామాను సర్దేటప్పుడు ప్లాస్టిక్ కవర్లు వద్దు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీసేయమంటారు. పచ్చడి స్టీలు డబ్బాలో, బట్టలు గుడ్డ సంచిలో పెట్టుకో. నైరోబీ నుంచి మొంబాసాకు 2017లో మొదలైన కొత్త రైలు ఉంది, బస్సు కంటే అదే నయం. మొంబాసా నుంచి కిలిఫి వైపు రోడ్డు మీద పోవాలి.

ఎప్పుడు పోవాలన్నది ఇంకా తేలలేదని విన్నాను. మీ పాస్టర్ గారు వేసవి సెలవుల్లో అనుకుంటున్నారట. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరి మంచివి. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 'కుసి' అనే గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది, సముద్రం ఎగసిపడుతుంది, చిన్న పడవలు చాలా రోజులు వేటకు పోలేవు. చేతిలో డబ్బు ఆడని ఆ నెలల్లో కూడా అతిథులు వచ్చారంటే వాళ్ళు అప్పు చేసైనా కోడిని కోస్తారు. నవంబర్ నుంచి మార్చి దాకా వీచే 'కస్కజి' గాలి కాలంలో చేపలు బాగా పడతాయి. మనం పోయేది వాళ్ళకు బరువు కాని రోజుల్లో పోవాలి. ఈ ఒక్క మాట మీ పాస్టర్ గారికి గట్టిగా చెప్పు.

ఆ ఊళ్ళో సువార్త నీతో మొదలు కాదు బిడ్డా. క్రాఫ్ అనే జర్మన్ మిషనరీ 1844లో మొంబాసాలో దిగాడు. కొన్ని నెలల్లోనే భార్యను, పసికందును జ్వరంతో పోగొట్టుకుని అక్కడే పాతిపెట్టాడు. 1846లో రెబ్మన్ అనే తోటి మిషనరీతో కలిసి కొండ మీది రబాయిలో మిషన్ పెట్టాడు. వీలైతే రబాయి చూసిరా. మొంబాసా పక్కనే ఫ్రీర్‌టౌన్ ఉంది, బానిసత్వం నుంచి విడిపించిన వాళ్ళ కోసం 1875లో కట్టిన ఊరు. అక్కడ మొదట పాఠాలు చెప్పినవాళ్ళలో, పని నేర్పినవాళ్ళలో మన నాసిక్‌లో చదువుకున్న ఆఫ్రికావాళ్ళు ఉన్నారు. బానిస ఓడల నుంచి తప్పించి పిల్లలప్పుడే ఇండియాకు తెస్తే, పెద్దయ్యాక మళ్ళీ ఆ ఒడ్డుకు వెళ్ళి సేవ చేశారు. బాంబే ఆఫ్రికన్లు అని వాళ్ళకు పేరు. ఇండియా నుంచి వస్తున్నామని చెప్పేటప్పుడు ఈ సంగతి నీ మనసులో ఉండాలి.

మనం కూడా ఒకప్పుడు ఎవరో వచ్చి చూసిపోయిన ఊళ్ళ వాళ్ళమే. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టులు, డోర్నకల్‌లో తమిళనాడు తిరునెల్వేలి క్రైస్తవులు పనిచేశారు. ఆ తిరునెల్వేలి నుంచి వచ్చిన అజరయ్య గారే 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. దానికి రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని తెల్లవాళ్ళ ముఖం మీదే అడిగారు. ఆ మాట అడిగిన మనిషి డోర్నకల్ మట్టిలోనే ఉన్నాడు. అలాంటి నేల నుంచి పోయిన మనవాళ్ళు అక్కడ కుర్చీలో కూర్చుని దొరల లాగా ప్రవర్తిస్తే నాకు కడుపు మండుతుంది. చాపేస్తే చాప మీద కూర్చో. వాళ్ళు నీకు ఏం నేర్పుతారో అడుగు. మందిరం ఊడుస్తుంటే చీపురు అందుకో.

మా అమ్మమ్మ కాలంలో దొరసానులు తీసిన ఫొటోల్లో మనవాళ్ళకు పేర్లు లేవు. కింద 'బైబిల్ ఉమెన్', అంటే ఇంటింటికీ తిరిగి బైబిల్ చెప్పే ఆడవాళ్ళు, అని మాత్రం ఉండేది. అందుకే చెప్తున్నా, చిరిగిన చొక్కా పిల్లల ఫొటోలు తీసి స్టేటస్ పెట్టొద్దు. తల్లిని అడిగి తియ్యి, ఆమె పేరు రాసుకో, ఆ ఫొటో ఆమెకు కూడా పంపు. పిల్లల చేతిలో డబ్బులు, చాక్లెట్లు పెట్టడం కూడా వద్దు. ఇవ్వాలనుకున్నది మిషన్ కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి. అనాథాశ్రమానికి తీసుకుపోతామంటే ఆలోచించు. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పిల్లలను కుటుంబాల దగ్గరికే చేర్చాలని కెన్యా ప్రభుత్వం 2022లో పదేళ్ళ ప్రణాళిక పెట్టుకుంది. ఆశ్రమానికి ఇవ్వాలనుకున్న డబ్బు ఒక తల్లి తన బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి పనికొస్తే నాకు ఎక్కువ ఆనందం.

ఇంకొకటి, జాగ్రత్తగా విను. 2023లో కిలిఫి జిల్లాలోనే షాకహోలా అడవిలో, ఆకలితో చస్తే యేసును కలుస్తారన్న బోధ నమ్మినవాళ్ళ శవాలు 400కు పైగా తవ్వి తీశారు. వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు. అందుకే బయటి నుంచి వచ్చిన బోధకుడంటే అక్కడి జనానికి, పోలీసులకు అనుమానం ఉండటం న్యాయమే. ఉపవాసాల గురించి, మందులు మానేసి ప్రార్థన చేయడం గురించి మీ జట్టులో ఎవరూ నోరెత్తొద్దు. సాక్ష్యం చెప్పమంటే ఐదు నిమిషాల్లో ముగించు. ఆ తీరంలో ముస్లింలు చాలామంది, చర్చి పక్కనే మసీదు ఉంటుంది. చుడీదార్, పైన చున్నీ వేసుకుంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు.

పెద్దవాళ్ళు ఎదురైతే 'షికమూ' అను, 'మరహబా' అంటారు. సంఘంలో 'బ్వానా అసిఫివే' అంటే మన 'ప్రభువుకు స్తోత్రం' లాంటిదే. తిండికి భయం లేదు. వాళ్ళ ఉగాలి అచ్చం మన మక్క గట్కే, ఆకుకూరతోనో చేపల కూరతోనో పెడతారు, కొబ్బరిపాలతో అన్నం కూడా వండుతారు. చపాతీ, చాయ్ అని అక్కడా అవే పేర్లు. నీళ్ళు మాత్రం కాచినవే తాగు. గంటలు చెప్పేటప్పుడు సరిచూసుకో, స్వాహిలీలో పొద్దున ఏడింటిని ఒంటిగంట అంటారు, ఆరాధనకు పిలిస్తే ఏ లెక్కన పిలిచారో అడుగు.

వచ్చేటప్పుడు మళ్ళీ వస్తాం, బోరు వేయిస్తాం అని మాటివ్వకండి. మీ కమిటీ తీర్మానం చేసి, డబ్బు చేతికొచ్చాకే ఆ మాట ఎత్తాలి. అక్కడి నర్సు ఫోన్ నంబర్ తీసుకుని నెలకోసారి మాట్లాడు.

నారాయణగూడలో టీకా ఏ రోజుల్లో వేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కో. తేదీ దొరికితే నాకు చెప్పు, కాజీపేటలో పొద్దుటి రైలు ఎక్కి నేనూ తోడు వస్తాను.

నీ పెద్దమ్మ
కాజీపేట