కుక్క ఒంటి మీద గడ్డ తగిలిందా? ముందు సూది టెస్టు చేయించండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజిల్లో సగానికి పైగా గడ్డల గురించే ఉన్నాయి, అందుకే ఈ సంచికలో అవే తీసుకున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్‌కి ఎనిమిదేళ్లు, మగది. మొన్న స్నానం చేయిస్తుంటే కుడి డొక్క మీద నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. మెత్తగా ఉంది, వేలితో నెడితే చర్మం కింద జారుతోంది, నొక్కినా వాడేం అనట్లేదు, తిండి కూడా బాగానే తింటున్నాడు. ఇక్కడి డాక్టర్ గారు చేత్తో పట్టుకుని చూసి కొవ్వు గడ్డే, వదిలెయ్యండి అన్నారు. మా అత్తయ్య గారేమో పసుపు సున్నం పట్టు వేద్దామంటున్నారు. మా వారు నెట్‌లో చదివి క్యాన్సరేమో అని రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ వారికి ధైర్యం చెప్పండి. ఎనిమిదేళ్ల లాబ్రడార్, మెత్తగా జారే గడ్డ, నొప్పి లేదు, ఇవన్నీ కలిపి చూస్తే అది కొవ్వు గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. దాన్నే లైపోమా అంటారు, వయసు మీద పడ్డ కుక్కల్లో, అందులోనూ కాస్త ఒళ్లు చేసినవాటిలో చాలా మామూలు, ప్రాణానికి ఏమీ కాదు. మీ డాక్టర్ గారు చెప్పింది తప్పయ్యి ఉండకపోవచ్చు. కానీ చేత్తో పట్టుకుని ఇది కొవ్వే అని ఖాయంగా చెప్పడం ఎవరి వల్లా కాదు, ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా సరే. ఎందుకంటే మాస్ట్ సెల్ ట్యూమర్ అని ఒకటుంది, కుక్కల చర్మానికి వచ్చే క్యాన్సర్లలో అదే ఎక్కువగా కనిపించేది, అది ఒక్కోసారి అచ్చం కొవ్వు గడ్డలాగే మెత్తగా, జారుతూ, నొప్పి లేకుండా ఉంటుంది. బాక్సర్, పగ్, గోల్డెన్ రిట్రీవర్‌తో పాటు లాబ్రడార్ కూడా అది ఎక్కువగా వచ్చే జాతుల్లో ఉంది. అందుకే మీవాడికి సూది టెస్టు చేయించాల్సిందే అంటున్నాను.

ఆ టెస్టు గురించి జనం ఊరికే భయపడతారు గానీ చాలా చిన్న పని అమ్మా. మత్తు అక్కర్లేదు, కుట్లు అక్కర్లేదు. ఇంజెక్షన్ చేసే మామూలు సన్న సూదినే గడ్డలోకి గుచ్చి రెండు మూడు సార్లు అటూ ఇటూ కదుపుతారు, సూదిలోకి చేరిన ఆ కాస్త సరుకుని సిరంజితో గాజు స్లయిడ్ మీదకి చిమ్మి పలచగా పరుస్తారు. కొవ్వు గడ్డయితే అప్పుడే తెలిసిపోతుంది దాదాపు, స్లయిడ్ మీద నూనె చుక్కల్లా మెరుస్తూ ఉంటుంది, ఎంతసేపు ఉంచినా ఆరదు. మాస్ట్ సెల్ అయితే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టగానే కణాల నిండా ఊదారంగు గింజలు కిక్కిరిసి కనిపిస్తాయి, ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు. ఒక్కోసారి సూదిలో ఏమీ రాదు, ఒట్టి నెత్తురే వస్తుంది, అప్పుడు ఇంకోసారి గుచ్చాలి లేదా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు కదా, చర్మం కింది గడ్డల విషయంలో ఆ భయంతో టెస్టు మానుకుంటే నష్టమే ఎక్కువ. మీ ఊళ్లో స్లయిడ్ చూసేవాళ్లు లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లొచ్చు, ఆంధ్రాలో ఉన్నవాళ్లకి తిరుపతి, గన్నవరం కాలేజీలున్నాయి. లేదా మీ డాక్టర్ గారినే స్లయిడ్లు తీసి ల్యాబ్‌కి పంపమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

పసుపు సున్నం మాత్రం వద్దని అత్తయ్య గారికి మెల్లగా నచ్చచెప్పండి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, వాడు నాకితే నోరూ కాలుతుంది, పైన పుండు పడితే లోపల ఉన్నదేంటో తేల్చడం ఇంకా కష్టమవుతుంది. పిసకొద్దు, వెంట్రుకతో బిగించి కట్టొద్దు, వాత అసలే పెట్టించొద్దు. మాస్ట్ సెల్ గడ్డని బాగా నలిపితే అందులోంచి హిస్టమిన్ అనే రసాయనం బయటికొచ్చి అప్పటికప్పుడు ఎర్రగా ఉబ్బుతుంది, కొన్నిట్లో వాంతులు కూడా అవుతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, టెస్టు అవ్వకముందు వాపు తగ్గడానికని ఎవరైనా ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ బిళ్లలు రాసిస్తే ఒక్క నిమిషం ఆగి అడగండి, ఎందుకంటే కొన్ని క్యాన్సర్లు స్టెరాయిడ్‌కి కొన్నాళ్లు కరిగినట్టు కనిపించి టెస్టులో దొరక్కుండా పోతాయి, తర్వాత మళ్లీ తిరగబెడతాయి. ఇంట్లో మనుషులకి వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బిళ్లలు కుక్కకి ఎప్పుడూ వెయ్యొద్దు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మీరు ఇంట్లో చెయ్యగలిగింది చాలా ఉంది. గడ్డ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి తేదీ రాసుకోండి, టైలర్ టేపుతో కొలిచి ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి. మామూలుగా మేము చూసే లెక్క ఏంటంటే, గడ్డ ఒక సెంటీమీటర్ దాటినా, నెల రోజులైనా పోకపోయినా సూది టెస్టు చెయ్యాలి. మీవాడిది నిమ్మకాయంత ఉందంటున్నారు కాబట్టి నెల ఆగే ప్రశ్నే లేదు, ఈ వారంలోనే వెళ్లండి. తర్వాత వెంట్రుకలు పాయలు తీసి ఒళ్లంతా తడమండి, చాలాసార్లు గడ్డ అనుకుని తీసుకొచ్చేది నెత్తురు తాగి ఉబ్బిన గోమారే అవుతుంది, లేదంటే మగకుక్కకి కూడా చనుమొనలు ఉంటాయని తెలియక అవే పట్టుకొస్తారు. దవడ కింద, భుజాల ముందు, గజ్జల్లో, వెనక మోకాళ్ల వెనక బిళ్లలు కట్టాయేమో రెండు వైపులా చూడండి. అన్నిచోట్లా ఒకేసారి బిళ్లలు కడితే అది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, కావచ్చు, మన దగ్గర గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా అలాగే కడతాయి, రెంటికీ రక్త పరీక్ష, సూది టెస్టు కావాలి. గడ్డ రెండు మూడు రోజుల్లో రెట్టింపు అయినా, పగిలి నెత్తురు కారినా, వేడిగా ఉండి జ్వరం వచ్చినా, విరేచనం నల్లగా తారులా అవుతున్నా ఆ రోజే పరిగెత్తండి. కాలి ఎముక మీద గట్టిగా వాపు వచ్చి కుంటుతున్నా అంతే, అక్కడ సూది కంటే ముందు ఎక్స్‌రే.

కొవ్వు గడ్డే అని తేలితే ఆపరేషన్ వద్దు. చంక కింద పెరిగి నడకకి అడ్డం పడితేనో, మరీ పెద్దదైతేనో తీయిస్తారు. నెయ్యన్నం, బిస్కెట్లు తగ్గించి బరువు దించండి, నెలకోసారి కొలవండి. కానీ రేపు ఇంకోచోట కొత్త గడ్డ వస్తే దానికి మళ్లీ విడిగా సూది టెస్టు చేయించాలి, పాతది కొవ్వు అయింది కదా ఇదీ అదే అనుకోవద్దు. మాస్ట్ సెల్ అని తేలినా అక్కడితో అయిపోయినట్టు కాదమ్మా. గడ్డతో పాటు చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మేర మంచి కండ కూడా కలిపి తీస్తారు, తీసింది ఫార్మలిన్ డబ్బాలో వేసి ల్యాబ్‌కి పంపితే అది ఏ గ్రేడో, అంటే ఎంత తీవ్రమైనదో, అంచుల్లో ఏమైనా మిగిలిందో చెప్తారు. తక్కువ గ్రేడ్ అయితే చాలా కుక్కలు ఆ ఒక్క ఆపరేషన్‌తోనే బాగైపోతాయి. ముందే టెస్టు చేయించుకోవడం ఇక్కడే పనికొస్తుంది, ఏంటో తెలియకుండా పైపైన తీసేస్తే మిగిలింది మళ్లీ పెరుగుతుంది, రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం.

ప్రశ్న: మా పప్పీకి ఐదు నెలలు. టీకా వేయించి పది రోజులైంది, వేసినచోట మెడ మీద శనగ గింజంత గట్టిగా ఉంది.
- తిరుపతి

జవాబు: మామూలుగా కొద్ది వారాల్లో అదే కరిగిపోతుంది, రుద్దకండి. నెల దాటినా ఉన్నా, పెరుగుతున్నా చూపించండి.

ప్రశ్న: సార్, మా పమేరియన్‌కి పదేళ్లు, ఆడది, ఆపరేషన్ చేయించలేదు. పొట్ట కింద వెనక చనుమొనల దగ్గర రెండు గడ్డలున్నాయి, ఏడాది కిందట బఠాణీ గింజంత ఉండేవి, ఇప్పుడు ఒకటి ఉసిరికాయంత అయ్యింది. ఈ వయసులో కోయిస్తే తట్టుకోదు వదిలెయ్యమని అందరూ అంటున్నారు, ఒకసారి పిల్లల్ని పెట్టిస్తే కరిగిపోతాయని ఒకాయన అన్నాడు. నిజమేనా?
- తెనాలి

జవాబు: నిజం కాదండీ. పిల్లల్ని పెట్టిస్తే రొమ్ము గడ్డలు కరగవు, పదేళ్ల కుక్కని ఈనేలా చేస్తే దాని ప్రాణం మీదకి వస్తుంది. కుక్కకి మామూలుగా ఐదు జతల పాల రొమ్ములుంటాయి, వాటిలో వెనక రెండు జతల్లోనే గడ్డలు ఎక్కువ వస్తాయి. వీటిలో దాదాపు సగం క్యాన్సర్ గడ్డలు, సగం మామూలువి, పైకి చూస్తే తేడా తెలీదు. ఇక్కడ సూది టెస్టు ఒక్కదానితో పూర్తిగా తేలదు కాబట్టి తీసేసి ల్యాబ్‌కి పంపడమే పద్ధతి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు తీసినవాటికి ఫలితం బాగుంటుంది, మూడు సెంటీమీటర్లు దాటాక కష్టమవుతూ పోతుంది. ఏడాది చూశారు కదా, ఇంక చూడొద్దు, ఇది నేను కాస్త గట్టిగానే చెప్తున్నాను.

వయసు ఒక్కటే చూసి ఆపరేషన్ వద్దనకూడదు. గుండె, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో రక్త పరీక్షలు చేస్తారు, రొమ్ము క్యాన్సర్ ముందు ఊపిరితిత్తులకి పాకుతుంది కాబట్టి ఛాతీకి రెండు పక్కల నుంచీ, ఎదురుగా కూడా ఎక్స్‌రేలు తీస్తారు. అవి బాగుంటే పదేళ్ల కుక్క కూడా మత్తు తట్టుకుంటుంది, వీలైతే గర్భసంచి కూడా అప్పుడే తీయించేస్తే మంచిది, దాంట్లో చీము పట్టే ప్రమాదం తప్పుతుంది. తీసిన ముక్కని ల్యాబ్‌కి పంపమని ముందే చెప్పండి, చాలాచోట్ల ఇంటివాళ్లు ఖర్చు అనుకుంటారని డాక్టర్లే అడగరు, గడ్డ చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది, అదేంటో ఎప్పటికీ తెలీదు. రొమ్ము మొత్తం ఎర్రగా, వేడిగా, గట్టిగా బిగిసిపోయి ఉంటే మాత్రం కొయ్యకముందే బాగా ఆలోచించాలి, అది ఆపరేషన్‌కి లొంగని రకం కావచ్చు.

ఆడ కుక్కపిల్లని కొత్తగా తెచ్చుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో మొదటిసారి ఎదకు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినవాటిలో ఈ రొమ్ము గడ్డల ముప్పు, చేయించనివాటితో పోలిస్తే అర శాతానికి, ఒకసారి ఎదకు వచ్చాక చేస్తే 8 శాతానికి, రెండోసారి తర్వాత చేస్తే 26 శాతానికి తగ్గినట్టు లెక్క తేలింది. ఆ అంకెల మీద తర్వాత చర్చ నడిచింది, పెద్ద జాతులకి మరీ చిన్నప్పుడే చేయిస్తే కీళ్ల ఇబ్బందులు ఉంటాయి కాబట్టి ఎప్పుడు చేయించాలో మీ డాక్టర్‌తో మాట్లాడుకుని చేయించండి.

ప్రశ్న: అన్నా, మా కాలనీలో ఒక వీధికుక్క ఉంది, మేమే అన్నం పెడతాం. నెల నుంచి మూత్రం పోసే దగ్గర నెత్తురు చుక్కలు పడుతున్నాయి, చూస్తే కాలీఫ్లవర్ లాగా ఎర్రటి గడ్డ. కాలనీవాళ్లు మనుషులకి అంటుతుంది, బండిలో ఎక్కించి దూరంగా వదిలేద్దాం అంటున్నారు. ఏం చెయ్యాలె?
- ఒక స్టూడెంట్, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి అది చాలావరకు టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) అనే గడ్డ, మన వీధికుక్కల్లో చాలా ఎక్కువ. దాటినప్పుడు, ఒకదాన్నొకటి నాకినప్పుడు, వాసన చూసినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి గడ్డ కణాలే నేరుగా అంటుకుని పెరుగుతాయి, అందుకే ఒక్కోసారి ముక్కులో కూడా వస్తుంది. కొన్ని వేల ఏళ్ల కిందట ఒక్క కుక్కలో పుట్టిన కణాలే ఇలా చేతులు మారుతూ ఇప్పటికీ బతుకుతున్నాయని జన్యు పరీక్షల్లో తేలింది. మనుషులకి మాత్రం అంటదు, కాలనీవాళ్లకి ఆ మాట గట్టిగా చెప్పు.

ఇది క్యాన్సరే అయినా మందుకి బాగా లొంగుతుంది. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికోసారి నరానికి ఇస్తారు, ఎక్కువ కుక్కలకి నాలుగు నుంచి ఆరు వారాల్లో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది, కోసే పనే ఉండదు. మందు నరం బయట ఒలికితే కండ కుళ్లిపోతుంది కాబట్టి డాక్టరే ఇవ్వాలి, కుక్కని కదలకుండా పట్టుకునేవాళ్లు ఉండాలి, ప్రతిసారీ ముందు రక్తంలో తెల్లకణాలు చూడాలి. ఇంజెక్షన్ ఇచ్చాక రెండు మూడు రోజులు దాని మూత్రం, వాంతి చేతికి తగలకుండా గ్లవ్స్ వాడండి. మీకు దగ్గర్లో మామునూరు వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడుగు. గడ్డలో పురుగులు పడితే టర్పెంటైన్ పొయ్యొద్దు, మంటకి అది అల్లాడిపోతుంది, దానికి వేరే మందులున్నాయి, డాక్టర్ తీస్తారు. మధ్యలో ఒక్క వారం బాగైనట్టు కనిపించిందని ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది, అందుకే మొదలుపెట్టే ముందే ఎవరు ఏ వారం తీసుకెళ్తారో నలుగురూ అనుకోండి.

దూరంగా వదిలేస్తే ఆ జబ్బు ఇంకో వీధికి వెళ్తుంది అంతే, పైగా 2023 ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసిన వీధికుక్కని పట్టుకున్న చోటే మళ్లీ వదలాలి. గడ్డ పోయాక మున్సిపాలిటీ వాళ్లతో మాట్లాడి ఆ ఆపరేషన్, టీకా రెండూ చేయించండి, అది తిరిగే వీధిలో ఆడకుక్కలు ఉంటే వాటినీ చూపించండి, ఒకదానికి తగ్గించి మిగతావాటిని వదిలేస్తే మళ్లీ అంటుకుంటుంది.