ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లకన్నా ఆ తర్వాతి వారమే జాగ్రత్త

పీసీఓడీ (ఎగ్ సరిగ్గా విడుదల కాని అండాశయాల సమస్య) ఉంది, డాక్టర్ ఐవీఎఫ్ చేయించుకోమన్నారు, ఆ ఇంజెక్షన్లు పడితే ఒళ్లు గుల్లవుతుందని అత్తగారు వద్దంటున్నారు, నిజమేనా అని అడిగారు కదా. నాకూ పీసీఓడీయే. రెండేళ్లు టాబ్లెట్లు మింగి, ఆ తర్వాత ఐవీఎఫ్‌కి వెళ్లినదాన్ని. డాక్టర్‌ని కాదు, నా ఒంటికి ఏం జరిగిందో, అప్పుడు డాక్టర్లు ఏం చెప్పారో రాస్తున్నా.

టాబ్లెట్లతో మొదలుపెడతాను. ఎగ్ పెరిగి విడుదల కావడానికి ఇచ్చే క్లోమిఫెన్ వాడిన నెలల్లో ఉన్నట్టుండి ఒంట్లోంచి వేడి ఆవిర్లు, ఫ్యాన్ ఐదులో పెట్టినా చెమట, అయినదానికీ కానిదానికీ మా ఆయన మీద అరుపులు. ఇవన్నీ మామూలేనట. కానీ మూడో నెల ట్యూబ్‌లైట్ చూస్తుంటే కళ్ల ముందు మెరుపులు, మసక. నిద్ర చాలక అనుకుని రెండు రోజులు ఊరుకున్నా. ఫోన్ చేస్తే డాక్టర్ ఆ పూటే ఆపేయమని, తర్వాతి నెల అదే పనికి వాడే లెట్రోజోల్‌కి మార్చారు. దాంతో కాస్త నీరసం, తలనొప్పి, అంతే.

ఇక ఐవీఎఫ్‌లో ఒకేసారి చాలా ఎగ్స్ పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు. పీరియడ్ రెండో రోజు మొదలుపెట్టి పది రోజులు, బొడ్డు పక్కన. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఆ ఇంజెక్షన్ పెన్ను చూసి ఎదురింటి పిన్నిగారు ఎవరికమ్మా షుగర్ అని అడిగారు, మా ఆయనకే అని చెప్పేశాను, పాపం ఆ తర్వాత ఆయనకి వాళ్లింట్లో స్వీటు పెట్టలేదు. సూది నొప్పి అసలు నొప్పే కాదు. చిన్న చిన్న కమిలిన మచ్చలు, కడుపు ఉబ్బరం, కాస్త చిరాకు. ఇదేనా, దీనికా ఇంత భయపడ్డాను అనుకున్నా.

అసలు కథ ఎగ్ పికప్, అంటే అండాశయాల్లోంచి ఎగ్స్ బయటికి తీసిన తర్వాత. మత్తిచ్చి చేశారు కాబట్టి అదేమీ తెలియలేదు, 24 ఎగ్స్ వచ్చాయంటే ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం. అన్ని రావడమే ప్రమాద సూచన అని అప్పుడు నాకు తెలియదు. మర్నాడు కడుపు బిగదీసింది. అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది, గ్యాసే అనుకున్నాం. మూడో రోజు పొద్దున లంగా బొందు రోజూ ముడి వేసేచోట ముడి పడలేదు. బరువు చూసుకుంటే రెండు రోజుల్లో మూడు కిలోలు ఎక్కువ. బాటిళ్లకు బాటిళ్లు నీళ్లు తాగుతున్నా యూరిన్ చాలా తక్కువ, అదీ ముదురు రంగులో. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చున్నాను. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఎత్తిన అమ్మాయి అందరికీ ఉబ్బుతుంది మేడమ్, రేపు ఓపీకి రండి అంది. ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాం, అదే మంచిదైంది. ఓహెచ్‌ఎస్‌ఎస్ అన్నారు. మందులకి అండాశయాలు అతిగా స్పందించి, రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు కడుపులోకి ఊరిపోతుంది. అందుకే కడుపు నిండా నీరున్నా ఒళ్లు ఎండిపోతుంది, రక్తం చిక్కబడి గడ్డ కట్టే ప్రమాదం కూడా ఉంటుంది. కడుపులోంచి నీరు తీశారు, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు, ఐదు రోజులు అక్కడే ఉన్నాను. ఎంబ్రియోల్ని (ఆ ఎగ్స్‌తో ల్యాబ్‌లో తయారైన పిండాల్ని) ఫ్రీజ్ చేసి, వెంటనే గర్భసంచిలో పెట్టకుండా రెండు నెలలు ఆగారు, ఎందుకంటే ఆ స్థితిలో గర్భం నిలిస్తే సమస్య ఇంకా ముదురుతుంది.

ఇంత తీవ్రంగా అందరికీ రాదు, చాలామందికి ఉబ్బరంతోనే పోతుంది. కానీ పీసీఓడీ ఉన్నవాళ్లకి, వయసు తక్కువ ఉన్నవాళ్లకి రిస్క్ ఎక్కువ. కాబట్టి మొదలుపెట్టేముందే మీ డాక్టర్‌ని సూటిగా అడగండి, పికప్‌కి ముందు ఎగ్స్ పక్వానికి రావడానికి చివర్లో ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ హెచ్‌సీజీ అనే హార్మోనా, వేరేదా అని. నాకు హెచ్‌సీజీ ఇచ్చారు. దాని బదులు ల్యూప్రోలైడ్ లాంటిది ఇచ్చి, ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేస్తే ఈ ముప్పు బాగా తగ్గుతుందని నాకు ఆ మంచం మీద పడుకున్నాక చెప్పారు! ముందే చెబితే ఏం పోయేదో.

ట్రాన్స్‌ఫర్, అంటే ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టిన తర్వాత, గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ హార్మోన్ సంగతి కూడా వినండి. నూనె ఇంజెక్షన్లు, తుంటి మీద రోజూ, చెయ్యి పెడితే చింతగింజల్లా గడ్డలు తగిలేవి. వేడినీళ్ల కాపడం పెడితే కొంచెం నయం. మలబద్ధకం, రొమ్ముల సలుపు, పట్టపగలు నిద్ర. పైగా ఆ మందుకే ప్రెగ్నెన్సీ లక్షణాలన్నీ వస్తాయి, వాటిని నమ్ముకుని నేను రోజులు లెక్కపెట్టాను, తీరా మొదటిసారి నెగెటివ్. ఆ ఏడుపు ఏ సైడ్ ఎఫెక్ట్ లిస్టులోనూ ఉండదు. రెండోసారి పెట్టినప్పుడు నిలిచింది, పాపకి ఇప్పుడు మూడేళ్లు.

మీ అత్తగారు ఎగ్స్ అన్నీ అయిపోతాయి అని కూడా అనొచ్చు, మా అత్తయ్య అన్నారు. ఆ నెల ఎలాగూ ఎండిపోయే ఎగ్స్‌నే మందులతో పెంచి తీస్తారు, దాచుకున్నవి కరగవు.

పికప్ అయ్యాక వారం పది రోజులు మాత్రం రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాసుకోండి, నడుము చుట్టూ టేపు పెట్టి కొలవండి. రోజుకి కిలో పైన పెరిగినా, యూరిన్ తగ్గినా, ఆయాసం వచ్చినా, కాలు వాచి నొప్పి పుట్టినా రేపటి ఓపీ కోసం ఆగొద్దు. హాస్పిటల్‌లో రాత్రిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో ఆ నంబర్ ఇప్పుడే అడిగి తీసుకోండి.