స్టిక్కరు వెనకాల కాయితం మీద ప్రింటు కొట్టొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది రావులపాలెం అండి. చిన్న స్టిక్కర్ షాపు, ఎకో సాల్వెంట్ ప్రింటింగ్ మెషీను ఒకటి, స్టిక్కర్లు కోసే కటింగ్ ప్లాటరు ఒకటి ఉన్నాయి. కడియం నర్సరీ ఆయన ఒకాయన కుండీలకి అంటించే వినైల్ (సన్నటి ప్లాస్టిక్) స్టిక్కర్లు రెండు వేలు అడిగారు. ముందు మొక్క బొమ్మ, పేరు. వెనకాల పీకేసే కాయితం మీద నీళ్ళు ఎన్ని పొయ్యాలి, ఎండలో పెట్టాలా నీడలో పెట్టాలా అని తెలుగులో కావాలంట. కంపెనీ రోళ్ళ వెనకాల పేర్లూ గళ్ళూ అచ్చేసి ఉంటాయి కదా, నువ్వెందుకు కొట్టలేవు అంటన్నారు. రోలు తిరగేసి కొట్టేద్దామా?

జవాబు: ఆయ్, కాస్త ఆగండి బాబూ, తిరగెయ్యకండి.

ముందు ఆ కాయితానికి రెండు మొహాలున్నాయని గుర్తుపెట్టుకోండి. గమ్ము వైపున్నది సిలికాన్ పూసిన నున్నటి మొహం, బయటికి కనపడేది మామూలు కాయితం, కొన్ని రోళ్ళకి దాని మీద కూడా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటది. సిలికాన్ వైపు సంగతి అడగనే అక్కర్లేదు, దాని పుట్టుకే ఏదీ అంటుకోకుండా ఉండటానికి, ఇంకు పడితే చేమాకు మీద నీటిబొట్టు లాగ గుండ్రంగా నిలబడతది, తెల్లారి వేలు పెట్టినా వేలికి వచ్చేస్తది. ఇళ్ళల్లో క్రాఫ్టులు చేసేవాళ్ళు ఈ గుణాన్నే వాడుకుంటారు, స్టిక్కర్లు పీకేసిన నున్నటి షీటు మీద మామూలు ఇంక్‌జెట్‌తో బొమ్మ అద్దంలో లాగ తిరగేసి కొట్టి, తడి ఆరకముందే చెక్క మీద బోర్లా నొక్కితే బొమ్మంతా చెక్కకి దిగిపోద్ది. అంటే అక్కడ ఇంకు కాపరం ఉండదు, ఎప్పుడు పోదామా అని చూస్తా ఉంటది.

మీరడిగింది బయటి వైపు. అక్కడ ఇంకు పడతది, కాదన్ను. కానీ ఎకో సాల్వెంట్ ఇంకు పనిచేసేది ఎలాగండీ, అందులో ఉన్న సాల్వెంటు, అంటే ఇంకుని పల్చగా ఉంచే ద్రవం, వినైల్ పైపొరని రవ్వంత మెత్తబరిస్తే రంగు అందులో కూర్చుంటది. కాయితానికి ఆ మెత్తబడే పొరేదీ? పీల్చేసుకుని పక్కకి పాకుద్ది. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే సర్దుకోవచ్చేమో గానీ మన చిన్న సైజు తెలుగులో వత్తులూ సున్నాలూ పూడిపోయి "నీళ్ళు" కాస్తా నల్లటి మచ్చ అవుద్ది. ప్లాస్టిక్ పూతున్న రకమైతే ఇంకు లోపలికి దిగదు, ఆరదు, గోరు తగిలితే ఊడొచ్చేస్తది. పైగా తిరగేసినప్పుడు ముందే కొట్టిన బొమ్మ వేడి ప్లేటు మీద రాసుకుంటా వెళ్తది, ముందూ వెనకా ఒకదానికొకటి సరిగ్గా కలవటం కూడా మన మెషీన్ల వల్ల అయ్యే పని కాదు.

అసలు నష్టం రోలు చుట్టాక బయటపడతది. వెనక కాయితం తర్వాతి చుట్టలో ముందు మొహానికి ఆనుకుంటది కదా, ఆరని ఇంకు మొత్తం అటు అచ్చు పడిపోద్ది. ఇది ఎక్కడో చదివింది కాదండి, జగ్గన్నతోట తీర్థం ముందు రాత్రి నిద్రమత్తులో మాట్ వినైల్ రోలు తిరగేసి ఎక్కించింది నేనే, రెండు వైపులా తెలుపే, తెలీలేదు, కాయితం మీదే ముప్పై అడుగులు కొట్టేసి చుట్టేశాను. పొద్దున్నే విప్పితే బాగున్న వైపు కూడా నీలం గీతలే. అప్పట్నుంచీ ఏ రోలైనా మూల గోరుతో లేపి, గమ్ము చూసి ఎక్కిస్తన్నాను.

కంపెనీల సంగతంటారా, వాళ్ళు కాయితానికి సరిపడే ఇంకుతో ఫ్లెక్సో మెషీన్ల (మెత్తటి అచ్చుతో రోళ్ళకి రోళ్ళు కొట్టే పెద్ద మెషీన్లు) మీద మైళ్ళకి మైళ్ళు నడిపిస్తారు. మన రెండు వేల ముక్కలకి ఆ మెషీను ఎవరూ తిప్పరు.

మరి నర్సరీ ఆయనకి ఏం చెప్పాలీ అంటే, రాత కాయితం మీద వద్దు, వినైల్ మీదే పక్కన పెట్టండి. 3 అంగుళాల చదరం స్టిక్కరైతే ముక్క 3 బై 4 తీసుకుని, మిగిలిన అంగుళం పట్టీలో నీళ్ళ సంగతీ ఎండ సంగతీ కొట్టండి. ప్లాటర్ మీద స్టిక్కరు చుట్టూ హాఫ్ కట్ (వినైల్ తెగాలి, కాయితం తెగకూడదు), బయట చుట్టూ ఫుల్ కట్. స్టిక్కరు పీకితే పట్టీ కాయితానికే అంటుకుని ఉండిపోద్ది, కొన్నోళ్ళు దాన్ని దాచుకుంటారు. మెటీరియల్ 9 చదరపు అంగుళాల చోట 12 పడతది, అంటే మూడో వంతు ఎక్కువ, అది ముందే చెప్పి రేటు కలుపుకోండి. తిరగెయ్యటం లేదు, ఒకే పాసు. బ్లేడు లోతు మాత్రం ప్రతి కొత్త రోలుకీ చిన్న ముక్క మీద చూసుకోవాలి.

లేదు వెనకాలే కావాలీ అంటే, యూవీ మెషీనున్న షాపులో కొట్టించండి, ఆ ఇంకు దీపం కింద అక్కడికక్కడే గట్టిపడతది, అయినా ముందో షీటు చూసుకోండి. పూత లేని కాయితమైతే కాయితం ఇంకుతో స్క్రీన్ ప్రింటింగ్ చేయించినా సరే, చివరికి రబ్బరు స్టాంపు కొట్టినా సరే. లేజర్ ప్రింటర్లో మాత్రం ఈ వినైల్ షీట్లు దూర్చకండి, లోపలి వేడికి వినైల్ ముడుచుకుని, గమ్ము కారి రోలరుకి పట్టేస్తది, ఆ రిపేరు మీ ఆర్డరు మొత్తం మింగేస్తది.

ప్రశ్న: రాజోలు నుంచండి. వానలు పడితే చాలు రోలు అంచులు అలల్లాగ లేచి ఇంకు చిమ్మే హెడ్డుకి తగుల్తన్నాయి. రోలు డూప్లికేటా?

జవాబు: డూప్లికేటు కాదండి, ఇదీ ఆ కాయితం పనే. మన లంకల గాల్లో చెమ్మ కాయితం తాగుద్ది, వినైల్ తాగదు, ఒకటి సాగి ఇంకోటి సాగకపోతే అంచు లేవక ఏం చేస్తది. పని అవ్వగానే రోలుని దాని ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి మూతులు కట్టెయ్యండి, నేల మీద, గోడకి చేరేసి పెట్టకండి. కొట్టే ముందు రోజే మెషీను గదిలోకి తెచ్చుకోండి. లేచిన అంచు మీటరో రెండు మీటర్లో ఉంటే కోసి పక్కన పెట్టండి, చిన్న కటింగులకి పనికొస్తది. హీటరు పెంచేసి అణుద్దామని చూడకండి, ఇంకా వంకర్లు పోద్ది. హెడ్డు ఒక మెట్టు పైకి లేపండి, షార్పు కాస్త తగ్గినా హెడ్డు బతుకుద్ది. ఈసారి కొనేటప్పుడు ప్లాస్టిక్ పూతున్న లైనరు (అదే, వెనక కాయితం) అడగండి, చెమ్మకి అంతగా ఉలకదు, రేటు కొంచెం ఎక్కువుంటది.