గోడలకు రంగు పూస్తే రిమాండ్ సరే, ఫిట్స్ మాత్రలు ఆపే హక్కు ఎవరిచ్చారు?

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై ఏళ్లు. గోడల మీద స్ప్రే బొమ్మలు వేస్తుంటాడు. ఒక రాత్రి ఆగి ఉన్న మెట్రో రైలు పెట్టె మీద వేస్తూ దొరికాడు. ప్రభుత్వ ఆస్తికి నష్టం చేశాడని కేసు పెట్టి రిమాండ్‌కి పంపారు, 18 రోజులైంది. వాడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. ములాఖత్‌కి మాత్రలు తీసుకెళ్తే బయటి మందులు కుదరవని వెనక్కి పంపారు. మొన్న ఫిట్స్ వచ్చి పడ్డాడు, నుదుటికి కుట్లు పడ్డాయి. గట్టిగా అడిగితే లోపల వాణ్ణి ఇంకా ఇబ్బంది పెడతారని అమ్మ భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బెయిల్ సంగతి తర్వాత, ముందు మాత్రలు. బయటి మందులు తీసుకోకపోవడం దానికదే తప్పు కాదు, ఏ జైల్లోనైనా తనిఖీ ఉంటుంది. కానీ వెనక్కి పంపినవాళ్లు అదే మందు జైలు డాక్టరుతో రాయించి వాడికి అందేలా చూడాలి కదా, తప్పు అక్కడ జరిగింది. ఖైదీ లోపలికి వచ్చినప్పుడు డాక్టరు పరీక్షించాలని, ఒంట్లో బాలేదంటే ఆలస్యం లేకుండా పైకి చెప్పాలని 1894 నాటి జైళ్ల చట్టమే అంటోంది. అంటే తెల్లవాళ్ల కాలంలో రాసిన రూలు.

రిమాండ్ చేసిన మెజిస్ట్రేట్ దగ్గరే పిటిషన్ వేయించండి. పాత ప్రిస్క్రిప్షన్లు, ఆస్పత్రి కాగితాలు జత చేసి, వైద్య నివేదిక తెప్పించమని, ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించమని, మందు క్రమం తప్పకుండా ఇవ్వమని అడగాలి. రిమాండ్ ఒక్కసారికి 15 రోజులకు మించి ఇవ్వరు కాబట్టి పొడిగింపు రోజున, వీడియోలో చూపించినా సరే, మీ తమ్ముడే జడ్జిగారికి నేరుగా చెప్పొచ్చు. చెప్పమనండి. లాయరు ఖర్చు టెన్షన్ పెట్టుకోకండి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. జైలు సూపరింటెండెంట్‌కి కూడా ఒక అర్జీ ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోండి. వైద్య రికార్డు కోసం ఆర్టీఐ వేస్తే, ప్రాణానికి సంబంధించిన సమాచారం కాబట్టి 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయకపోతే మామూలు 30 రోజుల దారిన పోతుంది, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ నా అనుభవంలో కోర్టు ఫైల్లో పేరెక్కిన ఖైదీని ముట్టుకోవడానికే జంకుతారు, నోటిమాటగా బతిమాలినవాళ్లనే తిప్పుతారు.

కేసు విషయానికొస్తే, 1984 నాటి ప్రభుత్వ ఆస్తి నష్ట నివారణ చట్టంలో ప్రజారవాణాకి నష్టం చేస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ప్రాసిక్యూషన్, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, వాదన వినకుండా బెయిల్ ఇవ్వకూడదని కూడా ఉంది, అంతేగానీ బెయిల్ రాదని కాదు. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు అవసరమా అని పోలీసులు ఆలోచించి కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ కారణాలు రాశారా, తుడిస్తే పోయే రంగుకి నష్టం ఎంత లెక్కగట్టారు అని మీ లాయరు అడగాలి. దీనికి తోడు ఇప్పుడు తలకి దెబ్బ, కాబట్టి వైద్య కారణాల మీద మధ్యంతర బెయిల్ కూడా అడగొచ్చు. 60 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. (బొమ్మ బాగుందా లేదా అన్నది కోర్టుకి అక్కర్లేదు. నాకైతే చూడాలని ఉంది.)

పరిహారం అడగొచ్చు. కస్టడీలో కొడుకు చనిపోయిన నీలాబతి బెహరాకి 1993లో సుప్రీంకోర్టు లక్షా యాభై వేలు ఇప్పించింది, ఆ దారిలోనే హైకోర్టులో రిట్, అంటే హక్కులకు భంగం కలిగిందని నేరుగా వేసే పిటిషన్, వేస్తారు. మానవ హక్కుల కమిషన్‌కి అయితే ఏడాదిలోపు ఫిర్యాదు వెళ్లాలి. కానీ ఇవన్నీ వాడు కోలుకున్నాక.

రేపు ములాఖత్‌లో వాణ్ణి ఒక్కటి అడగండి, చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నావని. ఆ తేదీ రాసుకురండి, పిటిషన్‌లో మొదటి లైను అదే.