బరంపురంలో నర్సింగ్ చదువుతున్న మేనకోడలికి

చి. అమ్మలుకి,

అత్త ఆశీస్సులు. మృదులాస్థి (కార్టిలేజ్) పాఠంలో మూడు రకాలూ కలగాపులగం అయిపోతున్నాయని మొన్న ఫోన్లో అన్నావు. వైవా, అదే నోటి పరీక్ష అంటే టెన్షన్‌గా ఉందని కూడా అన్నావు. ఎముకల వార్డులోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ముందు పేర్లు బట్టీ పట్టకు. అది ఒంట్లో ఎక్కడుంది, అక్కడ ఏం పని చేస్తోంది అన్నది చూడు.

పుస్తకం పక్కన పెట్టి చెవి పట్టుకో. పై భాగాన్ని మడిచి వదిలెయ్. టక్కున మళ్ళీ నిలబడుతుంది. ఎలాస్టిన్ పోగులు నిండిన ఎలాస్టిక్ రకం అది. కింది తమ్మెలో ఇది లేదు, తడిమితే నీకే తేడా తెలుస్తుంది. మింగేటప్పుడు గాలిదారిని మూసే ఎపిగ్లాటిస్‌లో ఉన్నదీ ఇదే. దాన్ని కొండనాలుక అనుకుని వైవాలో చెప్పకు. కొండనాలుక వేరు, దాంట్లో మృదులాస్థి ఉండదు. ఇంకో మాట, హాస్టల్లో ఎవరైనా చెవి పైభాగంలో కుట్టించుకుంటానంటే ఆపు. అక్కడ చీము పడితే తొందరగా తగ్గదు, డొప్ప ఆకారమే పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు గొంతు మీద వేళ్లు పెట్టి నెమ్మదిగా కిందికి దించు. గట్టిగా తగిలేవి హయలిన్ రకం. గాలిగొట్టంలో 16 నుంచి 20 వరకు ఉండే ఆ వలయాలు వెనక వైపు తెరుచుకుని ఉంటాయి, అన్నవాహిక ఆనుకునేది అక్కడే. పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపేదీ హయలినే. గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్ నేర్పేటప్పుడు పెద్దవాళ్లకు ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్లు నొక్కమంటారు కదా, కుర్రవాళ్ల ఛాతీ దీనివల్లే వంగి లేస్తుంది. వయసు పైబడినవాళ్లలో అది గట్టిపడిపోయి ఉంటుంది, ఎముకలు విరిగే అవకాశం ఎక్కువ. పిల్లలు పొడవు పెరిగేది కూడా ఎముకల చివర ఉండే హయలిన్ పొరల దగ్గరే.

మూడోది ఫైబ్రో రకం. బరువూ లాగుడూ రెండూ భరించాల్సిన చోట ఉంటుంది. వెన్నుపూసల మధ్య 23 డిస్కులు, మోకాల్లో మెత్తల్లా ఉండే మెనిస్కస్‌లు, కటి ముందు భాగంలో రెండు ఎముకలు కలిసే కీలు. వీటికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది మోకాలి సంగతి. రేపు నువ్వు డ్యూటీలో ఉండగా పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి ఆడవాళ్లు వస్తారు. ఏళ్ల తరబడి వరి ఉభాలకు (నాట్లకు) వంగినవాళ్లు, నెత్తిన మోపులు మోసినవాళ్లు. మనవాళ్లు "గుజ్జు అరిగిపోయిందంట, ఇంక నడవకూడదంట" అంటారు. ఒడియావాళ్లు "ఆంఠు బింధుచి" (మోకాలు నొప్పెడుతోంది) అంటారు. అప్పుడు నీ నోటి నుంచి "అవును, నడవకండి" అన్న మాట రాకూడదు.

ఎందుకో చెప్తాను. వాళ్లు గుజ్జు అనేది కీలులో ఎముకల చివర ఉండే హయలిన్ మృదులాస్థినే. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. దాని తిండి కీలులో ఉండే జిగట ద్రవం నుంచే రావాలి. అడుగు వేస్తే నొక్కుకుంటుంది, కాలు ఎత్తితే స్పాంజిలా ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలిక ఆగితే ఆ తిండి తగ్గుతుంది, తొడ కండ కూడా కరిగిపోతుంది. అప్పుడు ఉన్న కాస్త గుజ్జు మీదే భారమంతా పడుతుంది. నరాలు లేవు కాబట్టి నొప్పి వచ్చేది దాని నుంచి కాదు. కింది ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ ఉన్న కండరాల నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో సందు బాగా తగ్గిపోయినా చక్కగా నడిచేవాళ్లు ఉంటారు. ఫిలిం చూపించి మనిషిని భయపెట్టకు.

కుర్చీలో కూర్చోబెట్టి ఒక కాలు తిన్నగా చాపించు. నీ చెయ్యి తొడ మీద పెట్టి, కండ బిగిసిందో లేదో చూడు. అయిదు అంకెలు లెక్కపెట్టి దింపమను. రోజూ చెయ్యమను. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెప్పు, ఆ లెక్క వాళ్ల మనసుకు పడుతుంది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో గొంతుక్కూర్చోవడం మానమను. నూనె రాస్తే గుజ్జు మళ్ళీ పుడుతుందని ఎవరికీ ఆశ పెట్టకు. మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వచ్చినా, మెలితిరిగాక కీలు పట్టేసి చాపలేకపోయినా వ్యాయామం మాట ఎత్తకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పంపు.

ఇవన్నీ ఒడియాలో చెప్పడం కూడా ఇప్పటి నుంచే నీ రూమ్మేట్‌తో అలవాటు చేసుకో. వైవా అయ్యాక ఫోన్ చెయ్యి.

మీ అత్త,
పర్లాకిమిడి