పదిహేనేళ్ల యువరాజు మీద పడిన బరువు

అమ్మా,

మీ ఉత్తరాన్నీ, దానితో పాటు పంపిన ఫొటోలనూ శ్రద్ధగా చదివాను. మీ వారు పోయి నాలుగేళ్లయిందనీ, ఆయన వైద్యానికి చేసిన అప్పు తీర్చడానికి మీరు మూడేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నారనీ, కోనసీమలో మీ అత్తయ్యగారి దగ్గర పెరుగుతున్న అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాశాడనీ తెలిపారు. అతను లెక్కల నోట్సు వెనక పేజీల్లో ఒక యువరాజు, ఆ యువరాజుతో ప్రాణబంధం ఉన్న డ్రాగన్ కథ రాస్తుంటే మాస్టారు చూసి, ఆ పేజీలను ఫొటోలు తీసి మీకు పంపారు. సంగతి తెలిసి, పిల్లవాడికి గాలి సోకిందని హడలిపోయిన నాయనమ్మ తాయెత్తు కట్టించి, నోట్సును పొయ్యిలో పెట్టేశారు. అప్పటి నుంచి అతను వీడియో కాల్‌లో మీ ముఖం చూడడం లేదు. వాడికి మతి చలించిందా, పని మానేసి వచ్చేయమంటారా అని అడిగారు.

మీరు రాసినదాన్ని బట్టి, ఆ పేజీలను బట్టి మతి చలించిన సూచనలేవీ నాకు కనబడలేదు. ఈ వయసు పిల్లలు తమకంటూ ఒక రాజ్యాన్ని ఊహించుకుని దానికి కోటలు, చట్టాలు, శత్రువులను కల్పించుకోవడం కొత్త విషయం కాదు, జబ్బు అంతకన్నా కాదు. తాను రాస్తున్నది కథ అని మీ అబ్బాయికి స్పష్టంగా తెలుసు. ఒక పేజీలో ఒక సంఘటనను కొట్టేసి, పక్కన “ఇది బాగాలేదు, మళ్లీ రాయాలి” అని తనే రాసుకున్నాడు. డ్రాగన్ నిజంగా తనతో మాట్లాడుతోందని చెప్పడం, ఎవరికీ వినిపించని మాటలు తనకు వినిపిస్తున్నాయనడం, రోజుల తరబడి నిద్రాహారాలు మానేయడం, చచ్చిపోతానని అనడం వంటివి కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులకు చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సలహా సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ అత్తయ్యగారి దగ్గర కూడా ఉండాలి.

ఇక నన్ను ఎక్కువసేపు ఆపిన విషయానికి వస్తాను. ఆ కథలో రాజు చనిపోయాడు, రాణి సముద్రం అవతల ఉంది, కోటలో ముసలి రాజమాత ఉంది. యువరాజు తన డ్రాగన్‌ను పి.గన్నవరంలో కాలువను నది మీదుగా దాటించే పాత అక్విడక్టు వంతెన కమానుల కింద, వైనతేయ అనే గోదావరి పాయ నీళ్లలో దాచుకుంటాడు. ఒకరికి గాయమైతే రెండోవారికి నొప్పి పుడుతుంది కాబట్టి, తన దెబ్బలు డ్రాగన్‌కు తెలియకుండా ఉండాలని అతను నొప్పిని పళ్ల బిగువున భరిస్తాడు. పదహారో ఏడు నిండగానే పట్టాభిషేకం జరగాలనీ, కిరీటం పెట్టుకున్నవాడికి డ్రాగన్‌తో బంధం తెగిపోతుందనీ ఆ రాజ్యపు చట్టం. “ఈ కిరీటం నేను అడగలేదు, వెల మాత్రం అమ్మ కడుతోంది” అని యువరాజు చేత ఒకచోట అనిపించాడు. అదే పేజీ అంచున, సగం గీసిన రెక్క పక్కన, చిన్న అంకెలతో ఒక లెక్క ఉంది, మీరు గమనించారో లేదో. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఏడాదికి ఎంతవుతుంది, అమ్మ పంపే డబ్బులో ఇంటి ఖర్చు పోగా ఎంత మిగులుతుంది, అసలు తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది అని వేసిన లెక్క అది. మాస్టారు ఇచ్చిన లెక్క కాదు.

మీ వారి పెదకర్మ నాడు బంధువులు పిల్లవాడి భుజం మీద చేయి వేసి “ఇక ఇంటికి పెద్దదిక్కువు నువ్వే” అన్నారని మీ ఉత్తరంలో ఒక వాక్యంలో రాసి దాటిపోయారు. వారు ప్రేమతోనే అని ఉంటారు, మన ఊళ్లలో అందరూ అనే మాటే. పదకొండేళ్లవాడు మాత్రం దానిని అక్షరాలా నమ్మినట్లున్నాడు. అతని ఇంటి పక్కన పారే పాయ పేరు ‘వైనతేయ’ కూడా పందెంలో ఓడి దాసి అయిన తల్లిని విడిపించడానికి అమృతం తెచ్చిన గరుత్మంతుడి పేరే. ఆ కథ వింటూ పెరిగిన కొడుకు, తల్లి పరాయి ఇంట్లో పని చేస్తుంటే తాను ఏమీ చేయలేకపోతున్నానని కుమిలిపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే గరుత్మంతుడి బలాన్ని ఒక స్కూలు పిల్లవాడి నుంచి ఎవరూ ఆశించకూడదు. ఆ కథలో యువరాజును రాజు కమ్మని అడగని ప్రాణి డ్రాగన్ ఒక్కటే. పుస్తకం కాలిపోయినప్పుడు అతనికి ఏమి పోయిందో దీనిని బట్టి మీకు అర్థమవుతుంది.

కాబట్టి ముందుగా, నోట్సు కాలిపోయినా ఆ పేజీల ఫొటోలు మీ ఫోనులో భద్రంగా ఉన్నాయని అబ్బాయికి చెప్పండి. అడగకుండా చదివినందుకు క్షమించమనండి. ఆ తరువాత కథకు అర్థం చెప్పకండి, “డ్రాగన్ అంటే నేనేనా?” అని అడిగితే అతను నోరు మూసుకుంటాడు. యువరాజు ఆ చట్టాన్ని ఏమి చేస్తాడని మాత్రమే అడగండి. వీడియోలో ముఖం చూపించడం కష్టంగా ఉన్న పిల్లలు గొంతుతో తేలికగా మాట్లాడతారు. కువైట్ మనకు రెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక అతను రాత్రి పడుకునే ముందు అర పేజీ చదివి వాయిస్ మెసేజ్ పెడితే, మీరు పని ముగించుకుని నింపాదిగా విని జవాబు పంపవచ్చు.

అప్పు విషయం దాచవద్దు. ఇప్పటికే అతనికి తెలుసు. తెలియనిది అసలు మొత్తం ఎంత, ఎంత తీరింది అన్నదే. ఆ రెండు అంకెలు చెప్పి, “ఈ లెక్క నాది, దీనిని నేను తీరుస్తాను, నువ్వు తీర్చనక్కరలేదు” అని విడమరచి చెప్పండి. ఒకసారి చెబితే సరిపోదు.

అత్తయ్యగారిని నిందించకండి. కొడుకును పోగొట్టుకున్న ఆవిడకు మనవడు తనలో తాను గొణుక్కుంటూ కనబడితే గుండె ఆగినంత పనవుతుంది. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, కానీ వాడి పుస్తకాలు ముట్టుకోవద్దని మర్యాదగానే, గట్టిగా చెప్పండి. ఆవిడ ఎదుట “పెద్దదిక్కు” మాట ఎవరన్నా ఆవిడే అడ్డుకోవాలని అడగండి. మీరు అక్కడ లేరు, ఆ పని ఆవిడ ఒక్కరే చేయగలరు.

జూన్‌లో విజయవాడ హాస్టల్‌లో ఇంటర్‌లో చేర్చాలన్న మీ ఆలోచన గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. తండ్రి పోయి, తల్లి దూరమై, ఉన్న ఒక్క నాయనమ్మ ఇంటిని కూడా ఇప్పుడు వదలమంటే అతను మాట్లాడకుండా వెళతాడు, అదే నాకు భయం. పైగా ఆ ఫీజు మీ అప్పు మీద మరో అప్పు అవుతుంది, ఆ లెక్క కూడా అతనే వేస్తాడు. ఇంటి నుంచి బస్సులో వెళ్లివచ్చే దూరంలో, అమలాపురంలోనో రాజోలులోనో చేర్చే వీలుంటే అదే చేయండి. ఎక్కడ చదవాలన్నది అతన్ని అడిగి నిర్ణయించండి.

మీరు ఇప్పటికిప్పుడు పని మానేసి రావలసిన అవసరం లేదు. అలా వస్తే, తన వల్లే అప్పు తీర్చడం ఆగిపోయిందని అతను అనుకోవచ్చు. అయితే కువైట్‌లో 2015లో వచ్చిన గృహ కార్మికుల చట్టం ప్రకారం మీకు వారానికి ఒక రోజు సెలవుతో పాటు ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కుగా ఉంది. మూడేళ్లలో ఒక్కసారీ రాలేదని రాశారు కనుక ఈ సెలవు గురించి యజమానురాలితో మాట్లాడండి, కాదంటే భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. కాలేజీలో చేరే రోజుకు మీరు ఇంట్లో ఉండేలా సెలవు తీసుకోగలిగితే మంచిది. వచ్చే తేదీ ఖాయమైన తరువాతే అబ్బాయికి చెప్పండి.