మీ ప్రశ్నలు – మా జవాబులు: ఫారిన్ స్టూడెంట్స్ మన యూనివర్సిటీలకి రావాలంటే

ప్రశ్న: తెలంగాణలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. ఫారిన్ స్టూడెంట్స్‌నీ రీసెర్చర్లనీ ఎక్కువమందిని రప్పించాలని మా దగ్గర కమిటీ వేశారు, నన్నూ అందులో వేశారు. మీటింగ్ పెట్టినప్పుడల్లా కొత్త వెబ్‌సైట్, బ్రోచర్, దుబాయ్ ఎడ్యుకేషన్ ఫెయిర్‌లో స్టాల్, ఇవే మాటలు. ర్యాంకింగ్ పెరగాలంటే అర్జెంటుగా చెయ్యాలట. అసలు దేంతో మొదలుపెట్టాలండీ? (పేరు, ఊరు వద్దన్నారు)

జవాబు: సర్, ముందు ఆ స్టాల్ ఖర్చు ఆపించండి. ర్యాంకింగ్ అంటారా, ప్రపంచ యూనివర్సిటీలకి ర్యాంకులిచ్చే క్యూఎస్ వాళ్ల లెక్కలో నూటికి ఫారిన్ స్టూడెంట్స్ శాతానికి 5 మార్కులు, ఫారిన్ ఫ్యాకల్టీకి ఇంకో 5, అంతే. ఆ మార్కుల కోసమే పిలిచారని వచ్చిన పిల్లలకి వారంలో తెలిసిపోతుంది.

ఉస్మానియా సంగతే చూడండి. యెమెన్, ఇరాక్, సూడాన్, సోమాలియా నుంచి ఏళ్ల తరబడి పిల్లలొస్తున్నారు. ఇంగ్లిష్‌లో చదువు, మిగతా దేశాలతో పోలిస్తే తక్కువ ఖర్చు, నమాజుకి మసీదు, తినడానికి హలాల్, అన్నిటికంటే ముఖ్యంగా ముందే వచ్చి ఉన్న అన్నో బాబాయో. టోలీచౌకి దగ్గర పారామౌంట్ కాలనీకి సాయంత్రం పూట వెళ్తే అరబిక్ బోర్డులు, మండీ హోటళ్లు, సోమాలీ కుర్రాళ్లు, అదంతా ఏ కమిటీ మీటింగ్‌లోనూ పుట్టలేదు. ఒకడు బాగా చదువుకుని వెళ్లి తన ఊళ్లో మంచిగా చెప్తే నలుగురొస్తారు, ఒకడు ఏడ్చుకుంటూ వెళ్తే ఆ ఊరి నుంచి ఇంకెవరూ రారు. అందుకే ఇప్పటికే మీ క్యాంపస్‌లో ఉన్న ఫారిన్ స్టూడెంట్స్ పదిమందైనా సరే, వాళ్లని కూర్చోబెట్టి మొదటి నెలంతా ఏం జరిగిందో అడగండి.

వాళ్లు ఏం చెప్తారో నాకు తెలుసు, ఒక యూనివర్సిటీలో ఫారిన్ స్టూడెంట్స్ పనులే కొన్నాళ్లు చూశాను కాబట్టి. 180 రోజులకి మించి గడువున్న స్టూడెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓలో, అంటే విదేశీయుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో, రిజిస్టర్ అవ్వాలి. అది ఆన్‌లైనే, కానీ అందులో బోనఫైడ్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ పెట్టాలి. బోనఫైడ్‌కి వెళ్తే సంతకం పెట్టే సారు లీవు, హాస్టల్‌కి వెళ్తే అడ్మిషన్ మొత్తం పూర్తయ్యాక రమ్మంటారు, హాస్టల్ లేకపోతే అడ్రస్ ప్రూఫ్ లేదు, బ్యాంక్ అకౌంట్‌కి వెళ్తే ఎఫ్ఆర్ఆర్ఓ కాగితం తెమ్మంటారు, ఇంతలో రోజులు అయిపోతుంటాయి, ఆ పిల్ల కొత్త ఊళ్లో భాష రాక ఈ బిల్డింగ్ నుంచి ఆ బిల్డింగ్‌కి ఫైలు పట్టుకుని తిరుగుతుంటుంది. ఫెయిర్‌కి పెట్టే డబ్బుతో ఒక మనిషిని పెట్టండి. వాట్సాప్‌లో పలికే నంబరు ఒకటి, అడిగిన రోజే బోనఫైడ్ ఇచ్చే అధికారం, టికెట్ కొనకముందే హాస్టల్ రూమ్ అలాట్‌మెంట్ లెటర్. ఈ మూడు చేస్తే చాలు, సగం పని అయినట్టే.

రెండోది క్యాలెండర్. జర్మనీలో వింటర్ సెమిస్టర్‌కి చాలా యూనివర్సిటీల్లో జులై 15 గడువు అని మన పిల్లలు ఏడాది ముందే చెప్తారు. మన దగ్గర నోటిఫికేషన్ ఎప్పుడో, క్లాసులు ఎప్పుడో ఇక్కడి పిల్లలకే తెలీదు, వీసాకి అప్లై చేసుకోవాల్సినవాడు ఏం చేస్తాడు చెప్పండి?

రీసెర్చర్ల విషయంలో మాత్రం నిజంగా బాధగా ఉంటుంది. మన దగ్గర జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్ష ద్వారా వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిన స్కాలర్‌కి 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు, అది ఇండియన్స్‌కే. బయటి దేశం నుంచి పీహెచ్‌డీకి వచ్చినవాడికి విదేశీ విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం తరఫున ఐసీసీఆర్ ఇచ్చేలాంటి స్కాలర్‌షిప్ దొరికితే సరే, లేదంటే ఎదురు ఫీజు కట్టుకుని రీసెర్చ్ చెయ్యాలి. అదే జర్మనీలో పీహెచ్‌డీ చేసేవాళ్లలో చాలామంది యూనివర్సిటీ ఉద్యోగులే, నెలనెలా జీతం వస్తుంది. 2023-24లో అక్కడ ఉన్న దాదాపు 3.8 లక్షలమంది ఫారిన్ స్టూడెంట్స్‌లో 49 వేలమందికి పైగా ఇండియా పిల్లలే అంటే ఊరికే కాదు, గవర్నమెంట్ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. మన దేశం మొత్తానికి వచ్చిన ఫారిన్ స్టూడెంట్స్ కేంద్రం చేసిన 2021-22 ఉన్నత విద్య సర్వే లెక్కలో 46,878 మంది, అందులో పావు వంతుకి పైగా నేపాల్ వాళ్లే. వీసా రూల్స్ ఢిల్లీ చేతిలో ఉన్నాయి, మీరేం చెయ్యలేరు. కానీ ఏడాదికి ఇద్దరు ఫారిన్ స్కాలర్లకి సొంత ఫెలోషిప్ ఇవ్వడం, డబ్బు ఒకటో తారీఖున పడేలా చూడటం మీ యూనివర్సిటీ చేతిలో పనే.

ఇంకో మాట కమిటీలో గట్టిగా చెప్పండి సర్. రిటైరైనవాళ్ల పోస్టులు నింపకుండా డిపార్ట్‌మెంట్లని గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తే రీసెర్చ్‌కి ఎవరూ రారు. స్కాలర్ చూసేది గైడ్‌ని, ఆ గైడే లేకపోతే ఎంత మంచి వెబ్‌సైట్ పెట్టినా ఏం లాభం?

ప్రశ్న: మన పిల్లలకే పీజీ సీట్లు దొరకట్లేదు, మళ్లీ విదేశాలవాళ్లకి ఎందుకు? (డిగ్రీ స్టూడెంట్, కర్నూలు)

జవాబు: నీ భయం అర్థమైంది తమ్ముడూ, కానీ నీ సీటు వాళ్లకి పోదు. 2022లో యూజీసీ ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం ఫారిన్ స్టూడెంట్స్‌కి 25 శాతం వరకు అదనపు సీట్లు పెట్టుకోవచ్చు, అంటే ఉన్న సీట్ల పైన. అయితే సీట్లు పెంచి ల్యాబ్‌లు, హాస్టల్ గదులు పెంచకపోతే మాత్రం ఇద్దరికీ నష్టమే, అది అడగాల్సిన ప్రశ్న, అడుగు.

ప్రశ్న: హబ్సిగూడలో మా ఇంట్లో పై పోర్షన్ ఖాళీగా ఉంది. ఇక్కడ చదువుకుంటున్న ఇద్దరు టాంజానియా అమ్మాయిలు అడిగారు, పిల్లలు మర్యాదగానే ఉన్నారు. పోలీసుల గొడవలొస్తాయి, ఇవ్వొద్దని పక్కింటావిడ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? (ఒక గృహిణి, హైదరాబాద్)

జవాబు: ఇవ్వండమ్మా. విదేశీయులు అద్దెకి దిగితే 24 గంటల్లో ఆ సమాచారం ఎఫ్ఆర్ఆర్ఓ వెబ్‌సైట్‌లో ఓనరు ఎక్కించాలి, రూల్ అది. చెప్పకుండా ఉంచుకుంటేనే ఇబ్బంది. పాస్‌పోర్ట్, వీసా జిరాక్సులు, కాలేజీ బోనఫైడ్ తీసుకోండి, రెంటల్ అగ్రిమెంట్ రాయించి ఒక కాపీ వాళ్లకి ఇవ్వండి, రిజిస్ట్రేషన్‌కి వాళ్లకి అదే అవసరం. మీకు ఆన్‌లైన్ చేతకాకపోతే ఆ పిల్లల్నే పక్కన కూర్చోబెట్టుకోండి, చకచకా చేసేస్తారు.

అద్దె మాత్రం వేరేవాళ్లకి ఎంత చెప్తారో వీళ్లకీ అంతే చెప్పండి. ఫారినర్స్ కదా అని రెట్టింపు అడిగే ఓనర్లు చాలామంది ఉన్నారు, ఆరు నెలల అడ్వాన్స్ తీసుకుని ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో మొత్తం మింగేసేవాళ్లూ ఉన్నారు, పరాయి దేశంలో ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఆ పిల్లలు ఊరుకుంటారు. నీళ్లు ఏ టైముకి వస్తాయి, చెత్త బండి ఎప్పుడొస్తుంది, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, ఇవన్నీ మొదటిరోజే చెప్పేస్తే గొడవలుండవు. పక్కింటావిడకి కూడా కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయని చెప్పి, పిల్లలు దిగిన రోజే తీసుకెళ్లి పరిచయం చెయ్యండి.